గాలి లెక్క తప్పిన ఇంజిన్: పాత స్పోర్ట్స్ కార్లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాది 1990 నాటి మాజ్డా ఎంఎక్స్-5, 1.6 లీటర్ల ఇంజిన్. స్టార్టర్ తిరుగుతున్నంతసేపూ ఇంజిన్ అందుకుంటుంది. తాళం వదలగానే రెండు మూడు సెకన్లలో ఆగిపోతుంది. పెట్రోల్ పంపు, ఫిల్టర్ మార్చినా ఫలితం లేదు. ఎయిర్‌ఫ్లో మీటర్ పోయిందని మెకానిక్ గారంటున్నారు. కొత్తది కొనేముందు ఖాయం చేసుకునే దారి ఉందాండీ?

జవాబు: ఉందండీ, పావుగంట పని. ఆ ఇంజిన్‌లో గాలిని కొలిచేది రేకు తలుపున్న పాతకాలం మీటర్. ఇంజిన్ పీల్చే గాలికి ఆ రేకు స్ప్రింగును నెట్టుకుంటూ తెరుచుకుంటుంది. ఎంత తెరుచుకుందో అది వోల్టేజీగా ఇంజిన్ కంప్యూటర్‌కు చేరుతుంది. చాలామందికి తెలియనిది ఏమిటంటే, అదే మీటర్‌లో పెట్రోల్ పంపుకు సంబంధించిన చిన్న స్విచ్ కూడా ఉంటుంది. స్టార్టర్ తిరిగేటప్పుడు, పంపుకు కరెంటు అందించే రిలేను స్టార్టర్ సర్క్యూటే లాగి పట్టుకుంటుంది. తాళం వెనక్కి వచ్చాక రేకు తెరుచుకుని ఉంటేనే, ఈ స్విచ్ ద్వారా రిలే పట్టు నిలుస్తుంది. ప్రమాదంలో ఇంజిన్ ఆగిపోతే పంపు కూడా ఆగిపోవాలన్నది ఈ ఏర్పాటు ఉద్దేశం. స్విచ్ కలవకపోతే అచ్చం మీరు రాసినట్టే జరుగుతుంది.

మీటర్ జోలికి వెళ్లకముందు, మీటర్ నుంచి థ్రాటిల్ (ఆక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి ద్వారం) వరకు వెళ్లే రబ్బరు గొట్టం చూడండి. మడతలు మడతలుగా ఉన్న చోట వేళ్లతో సాగదీస్తే తప్ప చీలిక కనబడదు. అక్కడ గాలి దూరితే ఇంజిన్‌కు కావలసిన గాలి రేకును తాకకుండానే వెళ్లిపోతుంది. రేకు తెరుచుకోదు, స్విచ్ కలవదు, పంపు ఆగుతుంది. అంటే పగిలిన గొట్టం కూడా పోయిన మీటర్‌లాగే కనిపిస్తుంది! ఆయిల్ పోసే మూత, డిప్‌స్టిక్ కూడా గట్టిగా కూర్చున్నాయో లేదో చూడండి. క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగున క్రాంక్ తిరిగే గది) నుంచి ఇంజిన్ లాక్కునే గాలి కూడా లెక్కలోకి రాని గాలే.

గొట్టం బాగుంటే, బానెట్ కింద ‘డయాగ్నోసిస్’ అని రాసి ఉన్న చిన్న పెట్టె మూత తెరవండి. ఏ పిన్ను ఏదో మూత లోపలే ఉంటుంది. ఎఫ్/పి, జిఎన్‌డి పిన్నులను తీగముక్కతో కలిపి తాళం ఆన్ చేయండి. వెనక పంపు మోత వినబడాలి. తీగముక్క అలాగే ఉంచి స్టార్ట్ చేసినప్పుడు ఇంజిన్ ఆగకుండా నడిస్తే పంపు, రిలే బాగున్నట్టే. తప్పు స్విచ్‌లోనో దాని తీగలోనో ఉంది. పరీక్ష కాగానే తీగముక్క తీసేయండి. దాన్ని వదిలేసి రోడ్డెక్కితే, ప్రమాదంలో ఇంజిన్ ఆగినా పంపు పెట్రోలు తోడుతూనే ఉంటుంది. ఇది మాత్రం దయచేసి చేయకండి.

తర్వాత మీటర్ కనెక్టర్ ఊడదీసి, ఇ1, ఎఫ్‌సి పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవండి. రేకు పూర్తిగా మూసి ఉన్నప్పుడు సర్క్యూట్ తెగి ఉండాలి. వేలితో కాస్త నెట్టగానే సున్నాకు రావాలి. రాకపోతే స్విచ్ పోయినట్టే. నెట్టేటప్పుడు రేకు ఎక్కడా పట్టేయకుండా మెత్తగా కదిలి, వదలగానే తనంతట తాను మూసుకోవాలి. పట్టేస్తుంటే అంచుల్లో జిడ్డు పేరుకుని ఉండొచ్చు, లేదా ఇంజిన్ వెనక్కి తన్నినప్పుడు రేకు వంగి ఉండొచ్చు. జిడ్డయితే క్లీనర్‌తో తడిపిన నూలు రాలని గుడ్డతో తుడవండి. వంగిన రేకును సరిచేయబోవద్దు, మీటరే మార్చాలి.

ఒక హెచ్చరిక. ‘సెన్సర్ కనెక్టర్ పీకి చూడు, బాగా నడిస్తే సెన్సరే దొంగ’ అనే చిట్కా ఈ బండికి పనికిరాదు. కనెక్టర్ పీకితే స్విచ్ కూడా పోతుంది కాబట్టి మంచి మీటరున్న బండి కూడా ఆగిపోతుంది.

ప్రశ్న: నాదీ రేకు మీటరున్న బండే. స్టార్టింగ్ బాగుంది కానీ, ఒకే స్పీడులో నిలకడగా వెళ్తుంటే చిన్న చిన్న కుదుపులు. ఆక్సిలరేటర్ కొంచెం ఎక్కువ తొక్కితే పోతాయి. మీటర్ నల్ల మూత తీసి లోపలి పళ్ల చక్రం తిప్పితే సర్దుకుంటుందని ఒకరు చెప్పారు. నిజమేనా?

జవాబు: పళ్ల చక్రం ముట్టుకోకండి. అది రేకు స్ప్రింగు బిగువును నిర్ణయిస్తుంది. ఒక్క పన్ను జరిగినా ఇంజిన్ నడిచే ప్రతి స్థితిలోనూ పెట్రోలు పాళ్లు మారతాయి. మీ కుదుపులకు కారణం వేరే ఉండొచ్చు. మూత కింద కార్బన్ పూత మీద చిన్న లోహపు చెయ్యి రాసుకుంటూ తిరుగుతుంది. మీరు రోజూ ఒకే స్పీడులో వెళ్తుంటే అది ఏళ్ల తరబడి ఒకే చోట రాసి రాసి పూతను అరగదీస్తుంది. ఆ గీత మీదికి వచ్చినప్పుడు సిగ్నల్ క్షణకాలం తెగుతుంది. ఇంకొంచెం తొక్కితే చెయ్యి అరగని చోటికి జరుగుతుంది కనుక కుదుపు పోతుంది. మీరు రాసిన లక్షణం దీనికి బాగా సరిపోతోంది.

కనెక్టర్ పెట్టే ఉంచి, తాళం ఆన్ చేసి, ఇంజిన్ నడపకుండా, సిగ్నల్ తీగ మీద వోల్టేజీ చూస్తూ రేకును అతి నెమ్మదిగా ఆ చివరి దాకా నెట్టండి. కొన్ని మీటర్లలో వోల్టేజీ పెరుగుతుంది, కొన్నింటిలో తగ్గుతుంది. ఏ దిశలోనైనా సాఫీగా సాగాలి, ఎక్కడా ఎగిరిపడకూడదు. ఇక్కడ ముల్లున్న పాత మల్టీమీటరే మేలు. సిగ్నల్ రెప్పపాటు తెగితే అంకెల మీటర్ పట్టుకోలేదు.

తెగుతోందని తేలితే నల్ల మూత అంచు జిగురును పల్చటి బ్లేడుతో కోసి తెరవండి. చెయ్యి ఉన్న చోట మార్కరుతో గుర్తు పెట్టి, కార్బన్ పూత ఉన్న పలకనో, చెయ్యి కొననో ఒక మిల్లీమీటరు పక్కకు జరిపితే అరగని పూత దొరుకుతుంది. రేకు కోణానికీ చేతికీ ఉన్న పొత్తు మాత్రం మారకూడదు. మూతను మళ్లీ సిలికాన్‌తో గాలి, నీరు చొరకుండా అతికించండి.

ప్రశ్న: 1998 పోర్షె బాక్‌స్టర్, 2.5 లీటర్లు. పికప్ తగ్గింది. స్కానర్‌లో చూసినవి: వేడెక్కాక ఐడ్లింగ్‌లో గాలి సెకనుకు 2.9 గ్రాములు, ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ తన లెక్క మీద పెట్రోలును పెంచే, తగ్గించే శాతం) మైనస్ 4 శాతం. 3,000 ఆర్‌పిఎమ్‌లో ట్రిమ్ ప్లస్ 18. ఫుల్ థ్రాటిల్‌లో గాలి ఎక్కువలో ఎక్కువ 95 గ్రాములు. మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ (రేకు లేకుండా, వేడెక్కించిన తీగతోనో పల్చటి పొరతోనో గాలిని కొలిచేది) మార్చాలా?

జవాబు: ఇలా అంకెలతో రాస్తే జవాబు చెప్పడం ఎంతో సులువవుతుంది, సంతోషం. వేడెక్కిన ఇంజిన్ ఐడ్లింగ్‌లో లీటరుకు సెకనుకు ఒక గ్రాము, కాస్త పైన గాలి తీసుకుంటుంది. మీ 2.9 అందులోకే వస్తుంది. ఫుల్ థ్రాటిల్ లెక్క వేరు: హార్స్‌పవర్‌ను 0.8తో హెచ్చవేస్తే సుమారుగా సెకనుకు ఎన్ని గ్రాములో వస్తుంది. ఈ ఇంజిన్ 204 హార్స్‌పవర్‌ది, అంటే 160 దరిదాపుల్లో ఉండాలి. మీకు 95 వస్తోంది.

కానీ 95 చూసి సెన్సర్ మీద నేరం మోపకూడదు. ఫిల్టరో సైలెన్సర్ వైపు పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టరో మూసుకుపోతే గాలి నిజంగానే తగ్గుతుంది, సెన్సర్ ఉన్నదే చెబుతుంది. అప్పుడు పెట్రోలు కూడా దానికి తగ్గట్టే పడుతుంది కాబట్టి ట్రిమ్ సున్నా చుట్టూనే ఉంటుంది. మీకు ప్లస్ 18 వస్తోంది. అంటే కంప్యూటర్ తన లెక్క కంటే అంత ఎక్కువ పెట్రోలు పోస్తే తప్ప, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసే ఆక్సిజన్ సెన్సర్ ఒప్పుకోవడం లేదు. పంపు ప్రెషర్ తగ్గినా ట్రిమ్ ప్లస్‌లోకి పోతుంది, అయితే అప్పుడు గాలి అంకె బాగానే ఉంటుంది. గొట్టం చీలితే ట్రిమ్ ఐడ్లింగ్‌లో ఎక్కువగా ఉండి, ఆర్‌పిఎమ్ పెరిగేకొద్దీ తగ్గుతుంది. మీది తలకిందులు. ఐడ్లింగ్‌లో కొంచెం ఎక్కువ, రోడ్డు మీద బాగా తక్కువ చెప్పడం మురికి పట్టిన సెన్సర్ నడత. కాబట్టి అనుమానం సెన్సర్ మీదే, అయినా ముందు కడిగి చూడండి.

ఇంజిన్ ఆపి, తాళం తీసి, చల్లారనివ్వండి. పైపులోంచి సెన్సర్‌ను తీయడానికి మధ్యలో రంధ్రమున్న టార్క్స్ టి20 బిట్ కావాలి. మాస్ ఎయిర్‌ఫ్లో క్లీనర్ అని రాసిన స్ప్రేనే వాడండి, కార్బురేటర్ క్లీనర్ వద్దు. నాలుగు అంగుళాల దూరం నుంచి పది పదిహేను సార్లు కొట్టండి. దూది, బ్రష్, గుడ్డ ఏదీ లోపల తగలకూడదు. గంటసేపు ఆరనిచ్చి, బిగించి, పాత ట్రిమ్‌లు చెరిపి నడపండి. 3,000లో ట్రిమ్ అయిదు శాతం లోపలికి వస్తే పని అయినట్టే. రాకపోతే, పాతదానిమీది పార్ట్ నంబరు సరిగ్గా అదే ఉన్న సెన్సర్ కొనండి. ఆకారం ఒకటే అయినా సెన్సర్ లోపలి లెక్క వేరు కావచ్చు, పైపు వ్యాసం మారినా లెక్క తప్పుతుంది.

ప్రశ్న: నూనె పూసే కాటన్ ఫిల్టర్ వల్ల సెన్సర్ పాడవుతుందా?

జవాబు: నూనె ఎక్కువైతే పాడవుతుంది. ఎగిరిన నూనె తీగ మీద పేరుకుని దుమ్మును పట్టుకుంటుంది. పాత బాష్ వేడితీగ సెన్సర్లలో ఇంజిన్ ఆపాక తీగను సుమారు 1,000 డిగ్రీలకు ఒక సెకను కాల్చి మురికిని మసి చేసే ఏర్పాటు ఉండేది. తర్వాత వచ్చిన పల్చటి పొర రకానికి అది లేదు. నూనె పూశాక ఒక రాత్రంతా ఆరనివ్వండి, లేదా కాగితం ఫిల్టరే వాడండి.

ప్రశ్న: నిస్సాన్ 300జెడ్ఎక్స్. ఇంజిన్ బాగా వేడెక్కాక హఠాత్తుగా 2,500 ఆర్‌పిఎమ్ దాటదు, చల్లారితే మామూలే. కోడ్ 12 చూపిస్తోంది.

జవాబు: 12 అంటే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ సర్క్యూట్. సిగ్నల్ పోయిందని తెలిసి కంప్యూటరే ఆర్‌పిఎమ్‌కు అడ్డుకట్ట వేస్తోంది. వేడికి వచ్చి చల్లదనానికి పోయే తప్పు కాబట్టి ముందు అతుకుల మీద దృష్టి పెట్టండి. ఐడ్లింగ్‌లో ఉంచి స్క్రూడ్రైవర్ పిడితో సెన్సర్ మీద, తర్వాత కనెక్టర్ తీగల మీద మెల్లగా తట్టండి. ఎక్కడ తడితే ఇంజిన్ తడబడుతుందో తప్పు అక్కడే. కనెక్టర్ పిన్నుల్లో పచ్చటి తుప్పు ఉందేమో చూడండి. ఇంజిన్ నడుస్తుండగా సెన్సర్ ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 0.1 వోల్టు మించకూడదు, మించితే ఎర్త్ తీగ బాగుచేయాలి. సెన్సర్‌నే తట్టినప్పుడు తడబడితే, లోపల కనెక్టర్ పిన్నులు బోర్డుకు కలిసే చోట టంకం చిట్లి ఉంటుంది. మూత తీసి భూతద్దంతో చూస్తే పిన్ను చుట్టూ వలయంలాంటి సన్నటి గీత కనిపిస్తుంది. పాత టంకం తీసేసి కొత్తది పెట్టించండి. మూత మూసేటప్పుడు పాత జిగురంతా గీకేసి కొత్త సిలికాన్ వేయండి, దాని వాసన పూర్తిగా పోయేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకండి.