589 ఓట్ల తేడా, మా ఇంటి మూడు బ్యాలెట్లు

మీరు అడిగినవి రెండు సంగతులు. వర్క్ వీసా మీద లండన్‌లో ఉంటున్న భారత పౌరులకు ఇక్కడి బరో (నగరంలోని ఒక్కో పాలనా ప్రాంతం) కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు ఉంటుందా అన్నది ఒకటి, ఉన్నా ఒక ఇంటి ఓట్లతో ఫలితం ఏమైనా మారుతుందా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు తేలిక. కామన్వెల్త్ దేశపు పౌరులు గనుక, చెల్లుబాటయ్యే వీసా మీద ఇక్కడ నివసిస్తున్న భారతీయులకు కౌన్సిల్ ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటు ఉంటుంది. రెండోదానికి మాత్రం నా అనుభవమే జవాబు. నాలుగేళ్ళు గడిచినా అది నన్ను వదలలేదు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మేము 2019లో తెనాలి నుంచి వచ్చి దక్షిణ లండన్‌లోని క్రాయ్‌డన్‌లో, ఈస్ట్ క్రాయ్‌డన్ స్టేషన్‌కు నడిచి వెళ్ళగలిగేంత దూరంలో ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాము. మా వారికి ఉద్యోగం నగరం నడిబొడ్డున, మా మరిదికి చదువు. దాదాపు 3,90,000 జనాభాతో లండన్ బరోలన్నిటిలోకీ పెద్దది క్రాయ్‌డన్. మేము వచ్చిన మరుసటి ఏడాది, 2020 నవంబరులో, ఆ కౌన్సిల్ చేతిలో డబ్బు లేదని ప్రకటిస్తూ సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది. అంటే చట్టం తప్పనిసరి చేసిన సేవలకు తప్ప మరి దేనికీ కొత్తగా ఖర్చు పెట్టడానికి వీలుండదు. ఇళ్ళు కట్టడానికని కౌన్సిల్ సొంతంగా పెట్టుకున్న బ్రిక్ బై బ్రిక్ అనే సంస్థకు కోట్ల పౌండ్లు అప్పుగా ఇచ్చారు. ఫెయిర్‌ఫీల్డ్ హాల్స్ అనే పాత సభాభవనాన్ని బాగుచేయడానికి 3 కోట్ల పౌండ్లు అవుతుందనుకున్నది 6 కోట్ల 70 లక్షలు దాటింది. జనానికి కోపం వచ్చింది. ఆ కోపంలోనే 2021 అక్టోబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగి, కౌన్సిలర్లు తమలో ఒకరిని నాయకుడిగా ఎన్నుకునే పద్ధతి పోవాలని, మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని ఓటు వేసినవారిలో 80 శాతం మంది చెప్పారు. ఆ మొదటి మేయర్ ఎన్నికా, 70 మంది కౌన్సిలర్ల ఎన్నికా ఒకే రోజు, 2022 మే 5న జరిగాయి.

ఆ సాయంత్రం మా వారు ఆఫీసు నుంచి వచ్చాక ముగ్గురమూ కలిసి మా వీధి చివర ఉన్న చర్చి హాలుకు నడిచి వెళ్ళాము. పాస్‌పోర్టులు, వీసా కార్డులు, ఇంటి చిరునామా కాగితాలు అన్నీ సంచిలో పెట్టుకుని వెళ్ళాము. బల్ల వెనక కూర్చున్నామె అవేవీ అడగలేదు. పేరు, చిరునామా చెప్పమని, జాబితాలో స్కేలు పెట్టి గీత గీసి, చేతికి రెండు కాగితాలు ఇచ్చింది. వేలికి సిరా లేదు, పోలీసు లేడు, వరుస లేదు. దారంతో కట్టిన పెన్సిల్ ఒకటి వేలాడుతోంది. మా అమ్మ ఓటు వేసి వచ్చిన ప్రతిసారీ ఎడమచేతి వేలు చూపించి మురిసిపోవడం చూసి పెరిగినదాన్ని కాబట్టి, ఇంత నిశ్శబ్దంగా ఓటు వేయవచ్చా అని నాకు ఆశ్చర్యం వేసింది.

కౌన్సిలర్ల కాగితం సులువుగానే అర్థమైంది. మా వార్డు పేరు ఫెయిర్‌ఫీల్డ్, ముగ్గురిని ఎన్నుకోవాలి, కాబట్టి మూడు ఇంటూ గుర్తుల వరకు పెట్టవచ్చు. మేయర్ కాగితంలో మాత్రం ప్రతి పేరుకు ఎదురుగా రెండు గడులు ఉన్నాయి. మొదటి నిలువు వరుస మీ మొదటి ఎంపికకు, రెండో నిలువు వరుస మీ రెండో ఎంపికకు. ఎలా నింపాలో కాగితం మీదే రాసి ఉంది. నేను ఆ సూచనను శ్రద్ధగా చదవలేదు, ఎందుకంటే నేను ముందే నిర్ణయించుకుని వచ్చాను. అంతకుముందు రాత్రి భోజనాల దగ్గర మా వారికీ, మా మరిదికీ నేనే చెప్పాను: రెండు గుర్తులూ మనకు నచ్చిన మనిషికే పెడదాము, వేరొకరికి వేస్తే మన ఓటు చీలిపోతుంది అని.

ఈ చీలిపోవడం అన్న మాట నాకు ఎక్కడిదో చెప్పాలి. మా నాన్నగారు చాలా ఎన్నికలలో పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నారు. ఓటు చీలితే మనం పోయినట్టే అన్నది మా ఇంట్లో ఎన్నికల కాలమంతా వినిపించే మాట. మూడో అభ్యర్థి ఎన్ని వేలు చీల్చాడు, ఏ కులం ఓటు ఎటు చీలింది అన్న లెక్కలతోనే మా వసారాలో రాత్రుళ్ళు గడిచేవి. ఆ లెక్కలు అక్కడ నిజమే, ఎందుకంటే అక్కడ ఎవరికి అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే వారిదే గెలుపు. ఆ భయాన్ని నేను తెనాలి నుంచి క్రాయ్‌డన్‌కు మోసుకువచ్చి, దానికి చోటు లేని కాగితం మీద ప్రయోగించాను. ముగ్గురమూ ఒకే పేరుకు ఎదురుగా రెండు గడులలోనూ గుర్తు పెట్టి, మడిచి, పెట్టెలో వేసి ఇంటికి వచ్చాము.

ఫలితం వచ్చింది. మొదటి లెక్కింపులో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాలేదు. అప్పుడు మొదటి ఇద్దరు, అంటే కన్జర్వేటివ్ అభ్యర్థి జేసన్ పెర్రీ, లేబర్ అభ్యర్థి వాల్ షాక్రాస్, బరిలో మిగిలారు. తక్కిన అభ్యర్థులకు మొదటి ఓటు వేసినవారి కాగితాలు మళ్ళీ తీసి, రెండో వరుసలో ఈ ఇద్దరిలో ఎవరికైనా గుర్తు ఉందేమో చూసి, ఆ ఓట్లు కలిపారు. చివరికి పెర్రీకి 38,612, షాక్రాస్‌కు 38,023. తేడా 589. మేము ఓటు వేసిన అభ్యర్థి ఆ ఇద్దరిలో లేరు. ఎవరికి వేశామన్నది, ఆ ఇద్దరిలో ఎవరు నెగ్గాలని నాకు ఉండేదన్నది ఇక్కడ అనవసరం.

మా పై అంతస్తులో ఉండే పెద్దావిడ, నలభై ఏళ్ళుగా క్రాయ్‌డన్‌లోనే ఉంటున్నావిడ, ఒకరోజు మెట్ల దగ్గర కనబడి రెండో వరుసలో ఎవరికి వేశారని అడిగింది. గర్వంగానే చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, మొదటి వరుసలోని పేరుకే రెండో వరుసలో కూడా గుర్తు పెడితే ఆ రెండో ఓటు ఖాళీగా వదిలినట్టే లెక్క అని నెమ్మదిగా వివరించింది. మా మొదటి ఓట్లు చెల్లాయి, కానీ అసలు పోటీ ఆ ఇద్దరి మధ్య తేలిన చివరి ఘట్టంలో మా ఇంటి మూడు కాగితాలూ పక్కన పడి ఉన్నాయి. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. మా మరిది, పాపం, రాజకీయాలంటే ఆసక్తి లేనివాడు. నా మాట విని వచ్చి వేశాడు.

మూడు ఓట్లతో 589 తీరదని నాకూ తెలుసు. కానీ అలాంటి వంటగది ఒక్క మాదేనా? ఓటు చీలకూడదన్న పాఠం నేర్చుకుని వచ్చిన కుటుంబాలు, కాగితం మీది సూచన పూర్తిగా చదవనివారు, రెండో వరుస ఎందుకో తెలియక వదిలేసినవారు ఆ బరోలో 589 మంది ఉండరంటే నేను నమ్మను. ఆ ఎన్నిక ఫలితం రెండో వరుసలోని ఖాళీ గడులలోనే తేలిందని నా గట్టి నమ్మకం.

దాని తర్వాత జరిగినది చూడండి. కౌన్సిల్‌లో లేబర్‌కు 34, కన్జర్వేటివ్‌లకు 33, గ్రీన్ పార్టీకి 2, లిబరల్ డెమొక్రాట్లకు 1. సగం దాటాలంటే 36 కావాలి, అది ఎవరికీ లేదు. 2018లో అదే లేబర్‌కు 41 స్థానాలతో ఆధిక్యం ఉండేది. ఆ గ్రీన్ పార్టీ ఇద్దరూ మా ఫెయిర్‌ఫీల్డ్ వార్డు నుంచే గెలిచారు, మూడో స్థానం లేబర్‌కు వెళ్ళింది. అంటే మా వీధులలోనే చాలామంది తమ మూడు గుర్తులనూ ఒకే పార్టీకి కట్టబెట్టకుండా మనిషిని చూసి పంచారు. అలా పంచడం ఓటును పాడుచేసుకోవడం కాదని నాకు అప్పుడే తెలిసింది.

కౌన్సిల్‌లో ఎవరికీ ఆధిక్యం లేకపోయినా మేయర్ చేతిలో అధికారం తక్కువేమీ కాదు. మేయర్ ప్రతిపాదించిన బడ్జెట్‌ను సభ తనకు నచ్చినట్టు మార్చాలంటే మూడింట రెండు వంతుల మంది ఒక్కటి కావాలి. 2023లో క్రాయ్‌డన్‌లో కౌన్సిల్ ట్యాక్స్ అనే స్థానిక పన్ను దాదాపు 15 శాతం పెరిగింది. మామూలుగా 5 శాతం తాకితే జనాభిప్రాయ సేకరణ జరపాలి, కానీ అప్పుల్లో మునిగిన క్రాయ్‌డన్‌కు ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతి ఇచ్చింది. తొలి సమావేశంలో సభ ఆ బడ్జెట్‌ను తిప్పికొట్టినా తర్వాత అది నెగ్గింది. షాక్రాస్ గెలిచి ఉంటే పెంపు ఉండేది కాదని నేను అనడం లేదు, అప్పు ఎవరున్నా అప్పే. కానీ ఆ భారాన్ని ఎవరి మీద ఎంత వేయాలో, ఏ సేవను నిలిపి ఏది మూయాలో చెప్పే మొదటి మాట మేయర్‌దే. మన ఊళ్ళలో ఇంటిపన్ను యజమాని కడతాడు కాబట్టి అద్దెకు ఉండేవారికి మునిసిపాలిటీతో పెద్దగా పట్టింపు ఉండదు. ఇక్కడ కౌన్సిల్ ట్యాక్స్ కట్టేది ఇంట్లో కాపురముండే మనమే.

టీవీలలో ఈ ఫలితాలను వివరించే తీరు మీద కూడా నాకు ఫిర్యాదు ఉంది. ఆ రోజు లండన్‌లో, 1964లో ఏర్పడినప్పటి నుంచి కన్జర్వేటివ్‌ల చేతిలోనే ఉన్న వెస్ట్‌మినిస్టర్ బరోను, 1978 నుంచి వారి చేతిలో ఉన్న వాండ్స్‌వర్త్‌ను, దానితో పాటు బార్నెట్‌ను లేబర్ పార్టీ గెలుచుకుంది. చర్చలన్నీ అప్పటి కన్జర్వేటివ్ ప్రధాని మీద జనానికి ఉన్న అసంతృప్తి చుట్టూ తిరిగాయి. మరి అదే రోజు, అదే నగరంలో, మన భారతీయులు చాలామంది ఉండే హారోలో కన్జర్వేటివ్‌లు 31 స్థానాలతో లేబర్ నుంచి కౌన్సిల్‌ను ఎందుకు తీసుకున్నారు? క్రాయ్‌డన్‌లో మేయర్ పదవి వారికి ఎందుకు దక్కింది? బరో ఎన్నికను బరో లెక్కల పుస్తకంతో చదవాలి తప్ప ప్రధాని ముఖం చూసి చదవకూడదు.

ఇంకొక బాధ మనవాళ్ళ గురించి. 2024 జూన్ 4న ఆంధ్రప్రదేశ్ ఫలితాల కోసం మాకు తెలిసిన తెలుగు ఇళ్ళన్నిటిలోనూ తెల్లవారుజామున మూడున్నరకే దీపాలు వెలిగాయి. ఏ రౌండులో ఎవరికి ఎంత ఆధిక్యమో అందరికీ నోటికి వచ్చు. సరిగ్గా నెల తర్వాత, జూలై 4న, ఇక్కడి పార్లమెంటు ఎన్నిక వచ్చింది. ఆ ఇళ్ళలోని వారందరికీ ఓటు హక్కు ఉన్నా, అడిగితే సగం మంది నమోదే కాలేదు. నమోదైనవారిలో కొందరు క్రెడిట్ స్కోర్ పెరుగుతుందని మాత్రమే నమోదయ్యారు. ఓటు వేస్తే వీసా పొడిగింపుకు ఇబ్బంది వస్తుందని ఒకాయన నాతో నిజంగానే అన్నారు. అది పూర్తిగా అబద్ధం. చట్టం ఇచ్చిన హక్కును వాడుకుంటే ఏ దరఖాస్తుకూ నష్టం లేదు.

ఆ రెండో వరుసను తర్వాత తీసేశారు. 2022లోనే వచ్చిన ఎన్నికల చట్టంతో మేయర్ ఎన్నికలకు కూడా ఒకే గుర్తు పద్ధతి పెట్టారు. 2024 మే 2న నగరం మొత్తానికి జరిగే లండన్ మేయర్ ఎన్నికలో నా చేతికి వచ్చిన కాగితంలో ఒకే వరుస ఉంది. నాకు అది నష్టంగానే తోచింది. నేను పొరపాటు చేశానన్నది నిజమే, కానీ మన మనసుకు నచ్చిన చిన్న అభ్యర్థికి ధైర్యంగా ఓటు వేసి, పెద్దవాళ్ళిద్దరిలో ఎవరు నయమో కూడా చెప్పగలిగే అవకాశం ఆ వరుసలోనే ఉండేది. మా నాన్నగారి ఏజెంటు లెక్కల ప్రపంచంలో ఓటరుకు ఆ వెసులుబాటు ఎన్నడూ దొరకలేదు. ఆ పద్ధతిని తిరిగి తెచ్చే బిల్లును ప్రభుత్వం 2025 జూలైలో పార్లమెంటులో పెట్టినప్పుడు నేను మొదట ఫోన్ చేసింది మా మరిదికే.

మీ విషయానికి వస్తే, నమోదు ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (ఇక్కడ పనిచేసేవారికి ప్రభుత్వం ఇచ్చే నంబరు) దగ్గర పెట్టుకోండి. పోలింగ్‌కు 12 పనిదినాల ముందే గడువు ముగుస్తుంది. ఎక్కడ ఓటు వేయాలో తెలిపే పోల్ కార్డు పోస్టులో వస్తుంది, ఫ్లాట్లలో అయితే కింద మెట్ల దగ్గర పడి ఉండే ప్రకటన కాగితాలలో కలిసిపోతుంది, కానీ అది లేకపోయినా ఓటు వేయవచ్చు. 2022లో మమ్మల్ని అడగలేదు గానీ, ఇప్పుడు ఫోటో గుర్తింపు తప్పనిసరి. మన భారత పాస్‌పోర్టు సరిపోతుంది. ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకు పోలింగ్ ఉంటుంది కాబట్టి ఆఫీసు నుంచి వచ్చాక కూడా వెళ్ళవచ్చు. లోపల ఎవరూ తొందరపెట్టరు. ఆ కాగితం పైన రాసినది మొత్తం చదివాకే పెన్సిల్ తీసుకోండి.