లెటర్ రాలేదని ఊరుకోకు: ఆస్తమా ఉన్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

బర్మింగ్‌హామ్,
15 నవంబర్ 2020

చి.ల.సౌ. సుధకు, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఫోన్‌లో చెబితే సగం గుర్తుండదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఇన్నేళ్లు ఆస్తమా క్లినిక్‌లో నర్సుగా చేసిన దాన్ని, చిన్నప్పటి నుంచి ఉబ్బసంతో ఉన్న దాన్ని. ఈ విషయంలో నా మాట కాస్త విను.

"షీల్డింగ్ లెటర్ నాకు రాలేదు కదా, అంటే నర్సరీలో పనికి వెళ్లొచ్చనే కదా పెద్దమ్మా" అని అడిగావు. కరోనా సోకితే ప్రమాదం ఎక్కువ ఉన్న వాళ్లని ఇంటిపట్టున ఉండమని ప్రభుత్వం పంపిన లెటరే కదా అది. అది రాలేదని అలా అనుకోకమ్మా. లెటర్ రానంత మాత్రాన నీకు ప్రమాదం లేదని కాదు. వచ్చిన వాళ్లు ఏడాది పొడుగునా తలుపులు మూసుకుని కూర్చోవాలనీ కాదు. ఎవరికి వాళ్లు తమ ఊపిరితిత్తులు ఇప్పుడెలా ఉన్నాయో, చేసే పనిలో మనుషులు ఎంత దగ్గరగా మసలుతారో చూసుకుని, ఇంతకాలం అని ఒక గడువు పెట్టుకుని నిర్ణయించుకోవాలి.

మార్చి నెలాఖరులో ఆ లెటర్లు ఎలా పంపారో తెలిస్తే నీకే అర్థమవుతుంది. ఒక్కొక్కళ్లనీ పిలిచి ఎవరూ పరీక్ష చెయ్యలేదు. ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) కంప్యూటర్లలో ఉన్న మందుల చీటీలు, ఆస్పత్రి రికార్డులు జల్లెడ పట్టి పేర్లు తీశారు. ఆస్తమా వాళ్ల విషయంలో చూసిన వాటిల్లో ముఖ్యమైనది, 2019 జూలై నుంచి డిసెంబరు లోపు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు నాలుగుసార్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ రాశారా అన్నది. నిరుడు ఆ ఆరు నెలలూ నువ్వు బాగానే ఉన్నావు. నీకు గడ్డుకాలం వచ్చింది ఈ ఏడాది. మేలో ఒక స్టెరాయిడ్ కోర్సు, సెప్టెంబరులో ఇంకొకటి, ఆ రాత్రి ఏ అండ్ ఈలో, అదే ఆస్పత్రి ఎమర్జెన్సీలో, నెబ్యులైజర్. అప్పుడు పేర్లు తీసిన వాళ్లకు ఇదంతా ఎలా తెలుస్తుంది?

అందుకని రేపు జీపీకి, అంటే మీ ఫ్యామిలీ డాక్టర్‌కి, ఫోన్ చెయ్యి. ఈ ఏడాది రెండుసార్లు స్టెరాయిడ్ మాత్రలు వాడాను, ఏ అండ్ ఈకి వెళ్లాను, పసిపిల్లల నర్సరీలో పని, నన్ను షీల్డింగ్ జాబితాలో చేర్చాలా అని సూటిగా అడుగు. పేరు చేర్చే అధికారం జీపీకీ ఉంది, ఆస్పత్రి స్పెషలిస్టుకీ ఉంది. వాళ్లు చేర్చకపోయినా ఆ ఫోన్ వృథా పోదు. అదే ఫోన్‌లో ఆస్తమా రివ్యూ అడుగు. ఏ అండ్ ఈకి వెళ్లొచ్చాక రెండు రోజుల్లో జీపీ దగ్గరో నర్సు దగ్గరో చూపించుకోవాలి. నువ్వు రెండు నెలలైనా వెళ్లలేదు. దీని గురించే నాకు ఎక్కువ దిగులుగా ఉంది.

ఉబ్బసం ఉన్న వాళ్లందరికీ కరోనాతో ఒకే రకం ప్రమాదం లేదు. ఇంగ్లండ్‌లో 1 కోటి 70 లక్షల మందికి పైగా పెద్దవాళ్ల రికార్డులు చూసిన ఓపెన్‌సేఫ్లీ అధ్యయనం జూలైలో వచ్చింది. ఈమధ్య స్టెరాయిడ్ మాత్రలు అవసరం పడని ఆస్తమా వాళ్లకు మరణ ప్రమాదం మిగతా వాళ్లకన్నా పెద్దగా పెరగలేదు. మాత్రలు వాడాల్సి వచ్చిన వాళ్లలో కొంత ఎక్కువ కనబడింది. అంటే ఆస్తమా ఉందా లేదా అని కాదు, అది అదుపులో ఉందా లేదా అని చూడాలి. ఇంకొకటి కూడా దాచకుండా చెబుతాను. జూన్‌లో పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ ఇచ్చిన నివేదికలో మన భారతీయులతో సహా కొన్ని జాతుల వాళ్లకు కరోనా మరణ ప్రమాదం ఇక్కడి తెల్లవాళ్లకన్నా 10 నుంచి 50 శాతం ఎక్కువ అని ఉంది. నిన్ను బెదిరించడానికి చెప్పడం లేదు. మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు దీన్నీ లెక్కలో వెయ్యమని అడిగే హక్కు నీకుంది.

ఇప్పుడు నీ సంగతి. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే నీలం ఇన్‌హేలర్ దాదాపు రోజూ తీస్తున్నానని రాశావు. వారంలో మూడుసార్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ దాని అవసరం పడిందంటే ఆస్తమా అదుపు తప్పిందని అర్థం. రాత్రిళ్లు దగ్గుతో మెలకువ వస్తోందనీ, పడుకుంటే పిల్లికూతలు వినబడుతున్నాయనీ రాశావు, అదీ అంతే. రోజూ తీసుకోవాల్సిన బ్రౌన్ ఇన్‌హేలర్ మాత్రం గుర్తొచ్చినప్పుడు తీసుకుంటున్నావు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని, స్టెరాయిడ్ ఒంటికి మంచిది కాదని మీ అత్తగారు అంటున్నారన్నావు. ఆవిడ నీ మేలు కోరే అంటున్నారు, కాదనను. కానీ ఆ బ్రౌన్ ఇన్‌హేలర్‌లో ఉండేది చాలా తక్కువ మోతాదు, అది నేరుగా శ్వాసనాళాల్లోకి వెళ్లి అక్కడి వాపు తగ్గిస్తుంది. మే, సెప్టెంబరుల్లో మింగిన మాత్రల మోతాదు దానికి ఎన్నో రెట్లు. రోజూ పీల్చేది మానేస్తేనే ఆ మాత్రలు మింగాల్సిన గతి పడుతుంది. ఈ ముక్క ఆవిడకు నెమ్మదిగా చెప్పు. వింటారు.

తీసుకునే పద్ధతి కూడా చూసుకో. స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ గొట్టం) పెట్టుకో, అది లేకుండా పీలిస్తే మందు చాలావరకు గొంతులోనే అతుక్కుంటుంది. డబ్బా బాగా ఊపి, ఒక్క పఫ్ కొట్టి, నిదానంగా లోపలికి పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టి వదలాలి. రెండో పఫ్‌కి మళ్లీ ఊపాలి. తర్వాత నీళ్లు పుక్కిలించి ఉమ్మెయ్యాలి. క్లినిక్‌లో ఏళ్ల తరబడి మందు వాడుతున్న వాళ్లకు కూడా నేను ఇది మళ్లీ నేర్పించాల్సి వచ్చేది. ఒట్టి పద్ధతి సరిచేస్తేనే నెల తిరక్కుండా తేరుకున్న వాళ్లను చూశాను.

ఊపిరి ఎంత వేగంగా ఊదగలవో కొలిచే పీక్ ఫ్లో మీటర్ లేకపోతే జీపీనే రాసిమ్మను. పొద్దున, రాత్రి మందు తీసుకోకముందు నిలబడి మూడుసార్లు ఊది, అందులో పెద్ద అంకె రాసుకో. నీకు బాగున్న రోజుల్లో 400 వచ్చేదనుకో. 200 కిందికి పడిందంటే అది తీవ్రమైన అటాక్. 130 దగ్గరికి వచ్చిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. మధ్యలో ఏ అంకెకు ఏం చెయ్యాలో ఆస్తమా యాక్షన్ ప్లాన్ మీద నర్సు రాసిస్తుంది, దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించు. రెండు వారాల అంకెలు వరసగా రాసి ఉంటే మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు నీ మాటకు బలం ఉంటుంది.

ఇక పని. నర్సరీ పిల్లల్ని దూరంగా ఉండమంటే ఉంటారా? ముక్కు తుడవాలి, డైపర్ మార్చాలి, ఏడిస్తే ఎత్తుకోవాలి. అయితే నాకు పిల్లలకన్నా పెద్దవాళ్ల గురించే భయం. చిన్న స్టాఫ్ రూమ్‌లో మాస్కులు తీసి నలుగురు కూర్చుని భోంచేసే అరగంట, గేటు దగ్గర తల్లిదండ్రులతో కబుర్లు, పొద్దున్నే ఇంకొకరి కారులో వెళ్లడం, ఇవి ముందు మానెయ్యి. దానికి తోడు చలికాలం. గాలి ఆడాలని కిటికీలు తెరిచి పెడతారు, పెట్టాలి కూడా, కానీ ఆ చల్లగాలే నీకు పిల్లికూతలు తెప్పిస్తుంది. రోజుకి ఎన్నోసార్లు కొట్టే క్లీనింగ్ స్ప్రేలు ఇంకో తలనొప్పి. ఆ తుంపర్లు పీలిస్తే ఆస్తమా రేగుతుంది.

నన్నడిగితే, ఇప్పుడు మాత్రం వెళ్లొద్దు. ఈ లాక్‌డౌన్ డిసెంబరు 2 దాకా ఉంది. కనీసం అప్పటిదాకా ఇంట్లో ఉండు. నర్సరీ అపాయకరమైన చోటని కాదు, నీ ఆస్తమా ఇవాళ అదుపులో లేదని. ఈ రోజుల్ని ఊరికే గడపకు. బ్రౌన్ ఇన్‌హేలర్ రెండు పూటలా పద్ధతిగా తీసుకుని, రివ్యూ చేయించుకుని, అంకెలు రాసుకో. నెలాఖరుకి నీలం ఇన్‌హేలర్ అవసరం వారానికి ఒకటి రెండుసార్లకు దిగి, రాత్రి నిద్ర సరిగ్గా పడుతుంటే అప్పుడు పనికి వెళ్లడం గురించి మాట్లాడుకుందాం. దిగకపోతే గడువు పొడిగించాలి, స్పెషలిస్టు దగ్గరికి పంపమని జీపీని అడగాలి. బాబు రిసెప్షన్ క్లాసుకి వెళ్తున్నాడు కాబట్టి ఇంట్లో ఉన్నా ప్రమాదం పూర్తిగా పోదు, అది నాకూ తెలుసు. అయినా వాడి బడి మాన్పించకు. రాగానే చేతులు కడిగించు, బట్టలు మార్పించు, చాలు.

డబ్బు గురించి టెన్షన్ పడుతున్నావు. పని లేకుండా ఇంట్లో ఉంచిన వాళ్ల జీతం ప్రభుత్వం భరించే ఫర్లో ఇంకా ఉంది, వచ్చే మార్చి దాకా పొడిగించారు. పని చెయ్యని గంటలకు జీతంలో 80 శాతం, నెలకు గరిష్ఠంగా 2,500 పౌండ్లు. అక్టోబరు 30 నాటికి పేరోల్‌లో ఉన్నావు కాబట్టి నీకు వర్తిస్తుంది. వారంలో రెండు రోజులు పని, మిగతా రోజులు ఫర్లో అని కూడా పెట్టుకోవచ్చు. కాకపోతే ఫర్లో ఇవ్వడం యజమాని ఇష్టం, మనం పట్టుబట్టి తీసుకునేది కాదు. కౌన్సిల్ ఇచ్చే డబ్బుతో నడిచే గంటలకు నర్సరీలు ఫర్లో తీసుకోకూడదన్న నిబంధన కూడా ఉంది కాబట్టి మేనేజర్ కొంచెం వెనకాడొచ్చు. జాబితాలో పేరు చేరితే, ఫర్లో దొరకకపోయినా ఆ లెటర్ చూపించి స్టాట్యుటరీ సిక్ పే, అంటే చట్టప్రకారం ఇచ్చే జబ్బు జీతం, అడగొచ్చు. అది వారానికి 95.85 పౌండ్లు మాత్రమే, అద్దెకు కూడా చాలదు. అందుకే ముందు ఫర్లో అడుగు.

అల్లుడిది టైర్ 2 ఉద్యోగ వీసా, నువ్వు అతని డిపెండెంట్‌వి. ఫర్లో తీసుకుంటే వీసాకి ఇబ్బందేమో అని మనవాళ్లు చాలామంది అనుకుంటున్నారు. ఫర్లో జీతం గానీ స్టాట్యుటరీ సిక్ పే గానీ పబ్లిక్ ఫండ్స్ (వీసా మీద ఉన్నవాళ్లు తీసుకోకూడని ప్రభుత్వ సాయం) కిందికి రావు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ ఆ కిందికి వస్తుంది, దాని జోలికి మాత్రం వెళ్లకు.

మేనేజర్‌తో నోటిమాటగా తేల్చుకోవద్దు, ఈమెయిల్ పెట్టు. నాలుగు వాక్యాలు చాలు: నాకు ఆస్తమా ఉంది, ఈ ఏడాది రెండుసార్లు స్టెరాయిడ్ మాత్రలు వాడాను, సెప్టెంబరులో ఏ అండ్ ఈకి వెళ్లాను, నాకోసం విడిగా రిస్క్ అసెస్‌మెంట్ చేసి ఈలోగా ఫర్లో ఇవ్వగలరా అని. బతిమాలొద్దు, దబాయించొద్దు. ఫర్లో కుదరదంటే జీపీ దగ్గర ఫిట్ నోట్ (పని చెయ్యగలవో లేదో రాసిచ్చే చీటీ) తీసుకో. అందులో పనికి బొత్తిగా పనికిరాదు అన్న గడి ఒక్కటే కాదు, పనులు మారిస్తే చెయ్యగలదు అన్న గడి కూడా ఉంటుంది. చాలామందికి ఆ రెండోది తెలీదు. ఏడాదికి మించి ఉన్న ఆస్తమా, మందు లేకపోతే రోజువారీ పనులకు బాగా అడ్డొచ్చేదైతే, 2010 నాటి ఈక్వాలిటీ యాక్ట్ కింద వైకల్యంగా లెక్కకు రావొచ్చు. అప్పుడు తగిన మార్పులు చెయ్యడం యజమాని బాధ్యత. ప్రమాదకరమైన చోటు నుంచి వెళ్లిపోయే హక్కు అంటూ ఉద్యోగుల హక్కుల చట్టంలోని సెక్షన్ 44 గురించి వాట్సాప్‌లో తిరుగుతోంది. ఉద్యోగ హక్కుల మీద సలహా ఇచ్చే ఏకాస్ హెల్ప్‌లైన్‌కో యూనియన్‌కో ఫోన్ చెయ్యకుండా దాన్ని పట్టుకుని పని మానెయ్యకు.

తిరిగి వెళ్లే రోజు వచ్చినప్పుడు అడగాల్సినవి కూడా చెప్పేస్తున్నాను. బేబీ రూమ్ కాకుండా కాస్త పెద్ద పిల్లల గది ఇమ్మను, వాళ్లతో ఎక్కువసేపు బయట తోటలో ఉండొచ్చు. స్ప్రే బదులు గుడ్డ మీద మందు పోసి తుడవనివ్వమను, లేదా ఆ పని వేరేవాళ్లకి ఇమ్మను. భోజనం ఒక్కదానివే చెయ్యి. బయటికి వెళ్లేటప్పుడు మాస్కు మీద మఫ్లర్ చుట్టుకుని ముక్కుతో ఊపిరి పీల్చు. మాస్కుతో ఊపిరాడటం లేదనిపిస్తే ఇంట్లో పని చేసుకుంటూ కాసేపు పెట్టుకుని అలవాటు చేసుకో. తడిస్తే మార్చు. నీలం ఇన్‌హేలర్ లాకర్‌లో కాదు, జేబులో ఉండాలి.

దగ్గు వస్తే ఉబ్బసమా, కరోనానా అని కంగారు పడతావు. జ్వరం, వాసన రుచి పోవడం ఆస్తమా లక్షణాలు కావు. అవి కనిపించినా, నీకు అలవాటు లేని కొత్త దగ్గు ఆగకుండా వచ్చినా వెంటనే టెస్టు బుక్ చేసుకో, ఇంట్లోనే ఉండు. ఆస్తమా మందులు మాత్రం మానకు.

అటాక్ వస్తే ఆస్పత్రికి వెళ్లడానికి జంకొద్దు. అక్కడ కరోనా ఉంటుందని మొన్న వసంతంలో జనం చివరి నిమిషం దాకా ఆగారు. అలా ఆగకూడదు. నిటారుగా కూర్చుని నీలం ఇన్‌హేలర్ అర నిమిషానికో నిమిషానికో ఒక్క పఫ్ చొప్పున పది దాకా తీసుకో. తగ్గకపోతే, మధ్యలో ఇంకా ముదిరినా, అంబులెన్స్ కోసం 999కి ఫోన్ చెయ్యాలి. మాట్లాడటానికి ఊపిరి చాలకపోతే నువ్వెలా చెప్తావు? అల్లుడికీ, మీ అత్తగారికీ ఇది ఇప్పుడే నేర్పించు, ఇంటి పోస్ట్‌కోడ్ ఆవిడకు కంఠతా వచ్చేలా చూడు.

ఫ్లూ టీకా వేయించుకున్నావో లేదో రాయలేదు. ఇన్‌హేల్డ్ స్టెరాయిడ్ వాడేవాళ్లకు ఉచితం, ఫార్మసీలో కూడా వేస్తారు, ఈ వారంలోనే వేయించుకో. కరోనా టీకా బాగా పనిచేస్తోందని మొన్న సోమవారం ఫైజర్ వాళ్లు చెప్పారు. దానికింకా అనుమతి రావాలి. వస్తే మాత్రం పిలుపు రాగానే వెళ్లు.

జీపీ లైను పొద్దున ఎనిమిదింటికి తెరుస్తారు, ఆలస్యమైతే ఆ రోజుకి దొరకదు. మేనేజర్‌కి రాసే ఈమెయిల్ పంపే ముందు నాకు పంపు, ఒకసారి చూస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ