దేవుని తరఫున అబద్ధమాడొచ్చా?

విశ్వాసం, సైన్సు, చదువు, సినిమాల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ జవాబులు

ప్రశ్న: ఆంటీ, వందనాలు. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా యూత్ మీటింగ్‌లో ప్రసంగించిన బ్రదర్ రెండు సంగతులు చెప్పారు. యెహోషువ కాలంలో సూర్యుడు ఆగిన రోజును నాసా కంప్యూటర్లు పట్టుకున్నాయట. డార్విన్ చనిపోయే ముందు తన పరిణామ సిద్ధాంతం తప్పని ఒప్పుకుని యేసును నమ్ముకున్నాడట. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తీసుకెళ్లిన ఫ్రెండ్ మాత్రం అక్కడికక్కడే ఫోన్‌లో వెతికి, రెండూ అబద్ధాలేనని చూపించి నవ్వాడు. వాడికేం చెప్పాలి?

జవాబు: "నువ్వన్నది నిజమేరా" అని చెప్పు నాయనా. ముందు ఆ మాట అనకపోతే తర్వాత నువ్వేం చెప్పినా వాడి చెవికెక్కదు.

నాసా పుట్టింది 1958లో. సూర్యుడు ఆగినందువల్ల కాలం లెక్కలో ఒక రోజు తేడా వచ్చిందనే ఈ 'తప్పిపోయిన రోజు' లెక్క 1890లోనే అమెరికాలో పుస్తకంగా వచ్చింది. కంప్యూటర్లు ఆ కథలోకి తర్వాత వచ్చి చేరాయి. ఇందులో నిజం లేదని నాసావాళ్లే చెప్పారు. అసలు అలాంటి లెక్కే కుదరదు. సూర్యచంద్రులు ఇప్పుడు ఎక్కడున్నారో చూసి అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కడతాం. ఆ లెక్క ఏ రోజు దగ్గరా ఆగిపోదు. గోడ గడియారం ఇప్పుడు పది చూపిస్తోందనుకో. అది ఎప్పుడో ఒకసారి గంటసేపు ఆగిందో లేదో ముళ్లను చూసి చెప్పగలవా? మొదట దాన్ని ఏ టైముకి పెట్టారో ఎవరో ఒకరు రాసి ఉంచాలి కదా. ఈ కథ చెప్పేవాళ్లెవరూ అలాంటి రికార్డు చూపించరు.

ఇక డార్విన్. ఆయన 1882లో పోయాడు. లేడీ హోప్ అనే ఆవిడ చెప్పిన ఈ కథ 1915లో బోస్టన్‌లోని ఒక బాప్టిస్టు పత్రికలో వచ్చింది. 1922లో డార్విన్ కూతురు హెన్రియెట్టా, "నాన్న పోయేటప్పుడు నేను పక్కనే ఉన్నాను, ఆవిడ అక్కడ లేనే లేదు" అని క్రైస్తవ పత్రికలోనే తేల్చి చెప్పింది. డార్విన్ తనను తాను అజ్ఞేయవాదినని, అంటే దేవుడు ఉన్నాడో లేడో తెలియదనేవాణ్ణని రాసుకున్నాడు. ఒకవేళ మనసు మార్చుకున్నా దానివల్ల సిద్ధాంతానికి వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. అది ఆయన మాట మీద నిలబడింది కాదు, సాక్ష్యాల మీద నిలబడింది. ఆ కథకు బదులు బ్రదర్ హార్వర్డ్‌లోని ఏసా గ్రే పేరు చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఆయన వృక్షశాస్త్రవేత్త, ప్రార్థనాపరుడు, డార్విన్‌కు స్నేహితుడు. డార్విన్ పుస్తకం అమెరికాలో అచ్చు కావడానికి సాయపడింది ఆయనే.

యోబు గ్రంథం 13వ అధ్యాయం 7వ వచనం తీసి చదువు. దేవుణ్ణి వెనకేసుకొస్తున్న స్నేహితులను, ఆయన తరఫున అన్యాయంగా మాట్లాడతారా అని యోబు నిలదీస్తాడు. చివరి అధ్యాయంలో దేవుడు కోప్పడింది ఆ స్నేహితుల మీదే. ప్రాచీన క్రైస్తవ వేదాంతి అగస్టీన్ 1600 ఏళ్ల కిందటే ఇంకో మాట అన్నాడు. నక్షత్రాల సంగతి మనం తెలిసీ తెలియక మాట్లాడి నవ్వులపాలైతే, పునరుత్థానం గురించి మన గ్రంథం చెప్పేది ఎదుటివాడు ఎలా నమ్ముతాడని అడిగాడు. మీ ఫ్రెండ్ ఆ రోజు నవ్వింది సరిగ్గా అందుకే.

మరి యెహోషువ 10వ అధ్యాయం సంగతేంటి అంటావా? దాన్ని అద్భుతంగా నమ్మేవాళ్లు అద్భుతంగానే నమ్మొచ్చు, దానికి నాసా సర్టిఫికెట్ అక్కర్లేదు. అది పాత యుద్ధగీతంలోని కవిత్వమని చదివే విశ్వాసులూ ఉన్నారు. ఆ మాట యాషారు గ్రంథంలో ఉందని 13వ వచనమే చెబుతోంది.

బ్రదర్‌ను మైకు ముందు నిలదీయకు. విడిగా కలిసి, "అన్నా, ఇది ఎక్కడ చదివారు?" అని అడుగు. చాలామంది ఫార్వర్డ్ మెసేజ్ నమ్మి చెప్పేవాళ్లే. తెలిశాక కూడా అదే ప్రసంగం చేస్తే మాత్రం పాస్టర్ గారి దృష్టికి తీసుకెళ్లు.

ప్రశ్న: బిగ్‌బ్యాంగ్ నాస్తికుల సిద్ధాంతమని మా అన్నయ్య అంటాడు. ఆదికాండం మొదటి వచనానికి అదే రుజువని మా బావ అంటాడు. భోజనాల దగ్గర రోజూ ఇదే గొడవ. ఎవరు కరెక్ట్?

జవాబు: ఇద్దరూ కాదమ్మా. మీ అన్నయ్యకు మొదట చెప్పాల్సింది, విశ్వం ఒక ఆరంభం నుంచి వ్యాకోచిస్తూ వచ్చిందనే ఆ సిద్ధాంతానికి పునాది వేసినవాడు చర్చి ఫాదరని. బెల్జియం దేశస్థుడు జార్జ్ లెమైత్ర్ మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పనిచేసి, 1923లో గురువుగా అభిషేకం పొందాడు. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో రాశాడు. "మీ లెక్క సరే, మీ ఫిజిక్స్ మాత్రం ఘోరం" అని ఐన్‌స్టీన్ తనతో అన్నాడని లెమైత్రే తర్వాత చెప్పుకున్నాడు. 'బిగ్‌బ్యాంగ్' అనే పేరు 1949లో బీబీసీ రేడియోలో ఫ్రెడ్ హాయిల్ పెట్టాడు. ఆయన ఆ సిద్ధాంతాన్ని ఒప్పుకోనివాడు!

మీ బావకు చెప్పాల్సింది ఇంకా ముఖ్యం. 1951లో పోప్ 12వ పయస్ ఈ సిద్ధాంతాన్ని "వెలుగు కలుగును గాక" అన్న మాటకు సైన్సు ఇస్తున్న సాక్ష్యంలా చూపిస్తూ ప్రసంగించాడు. వేరే ఎవరైనా అయితే పొంగిపోయేవాళ్లు. లెమైత్ర్ మాత్రం నొచ్చుకున్నాడు. తన సిద్ధాంతం మతానికి సంబంధించిన ప్రశ్నల జోలికి వెళ్లదన్నది ఆయన పట్టుదల. పోప్ సలహాదారులకు ఆ సంగతి చెప్పించాడు. 1952లో ఖగోళ శాస్త్రవేత్తల ముందు మాట్లాడినప్పుడు పోప్ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. 1931లో 'నేచర్' పత్రికకు పంపిన చిన్న వ్యాసం టైపు ప్రతిలో చివరి పేరా దేవుని గురించి ఉంది. అచ్చుకు ముందే లెమైత్ర్ దాన్ని కొట్టేశాడు. రోజూ పూజ చేసే మనిషి అలా కొట్టేశాడంటే సిగ్గుపడి కాదు. రేపు లెక్క మారితే దేవుడు కూడా మారాలా? ఆ పేరా తలుచుకున్నప్పుడల్లా నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది.

విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలిన రేడియేషన్ దొరికిందన్న వార్త 1966లో, చనిపోవడానికి కొద్ది రోజుల ముందు ఆయనకు అందింది. ఈ కథ చెప్పి ఒక్క పూటైనా భోజనం ప్రశాంతంగా చేయండి.

ప్రశ్న: యేసును 325లో బిషప్పులు కూడిన నైకియా సభలో ఓట్లేసి దేవుణ్ణి చేశారని, బైబిల్ పుస్తకాలు కూడా అక్కడే ఎంపిక చేశారని ఒక సినిమాలో చూసి మా అమ్మాయి అడుగుతోంది. ఏం చెప్పను?

జవాబు: సినిమా చూడొద్దని మాత్రం అనకండి. సస్పెన్స్ బాగుంటే నేనూ చూస్తాను.

నైకియాకు సుమారు 200 ఏళ్ల ముందే రోమన్ గవర్నర్ ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కు ఉత్తరం రాశాడు. క్రైస్తవులు తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవుడిగా ఎంచి పాటలు పాడుతున్నారని అందులో ఉంది. రాసినవాడు వాళ్లను శిక్షిస్తున్న అధికారి, మనవాడు కాదు. నైకియాలో తగాదా వేరు. కుమారుడు, అంటే యేసు, సృష్టించబడినవాడని అరియస్ అనే మతబోధకుడు అన్నాడు, సభ కాదంది. చివరకు సంతకం పెట్టనని నిలబడిన బిషప్పులు ఇద్దరే. బైబిల్ పుస్తకాల పట్టిక అక్కడ చర్చకే రాలేదు. ఇప్పుడున్న 27 కొత్త నిబంధన పుస్తకాల జాబితా 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ ఉత్తరంలో కనిపిస్తుంది.

అయితే అమ్మాయికి ఇంకో సగం కూడా చెప్పండి. సభను పిలిచింది చక్రవర్తి కాన్‌స్టంటైన్. రాజకీయం లేదనడం కుదరదు. సభతో గొడవ తీరలేదు కూడా. అదే అథనాసియస్‌ను తర్వాత ఐదుసార్లు తన నగరం నుంచి వెళ్లగొట్టారు. ఇది దాచి, రేపు తనే చదివి తెలుసుకుంటే మీ మొదటి సగాన్ని కూడా నమ్మదు.

ప్రశ్న: మా పాప బయాలజీ పరీక్షలో పరిణామం గురించి రాయడానికి టెన్షన్ పడుతోంది. రాస్తే దేవుణ్ణి కాదన్నట్టేనా?

జవాబు: కాదమ్మా. శుభ్రంగా చదివి రాయమనండి. అదే పుస్తకంలో వంశపారంపర్యం పాఠంలో మెండెల్ ఉంటాడు. మఠంలో ఉంటూ అక్కడి తోటలో బఠానీ మొక్కలు పెంచి, 1866లో ఫలితాలు అచ్చు వేయించిన సన్యాసి ఆయన. ఆ సంగతి పాపకు చెప్పండి, సరదా పడుతుంది. బొమ్మలకు పేర్లు రాయడం మరిచిపోవద్దని కూడా చెప్పండి. మార్కులు పోయేది అక్కడే.