పరిచయాలు లేకపోతే కొత్తవాళ్ళ పుస్తకం ఎవరూ వేయరంటారు, నిజమేనా?

నేనూ అలాగే అనుకునేవాణ్ణి. విజయవాడలో ఒక ప్రచురణ సంస్థలో మూడేళ్ళు ప్రూఫులు దిద్దాక ఆ అభిప్రాయం మారింది.

పరిచయం వల్ల జరిగేది ఒక్కటే, మన రాతప్రతి కట్టలో అడుగున పడకుండా పైకొస్తుంది. ఆ తర్వాత మా పెద్దాయన అడిగే ప్రశ్న అందరికీ ఒకటే: "బాగుందయ్యా, కొనేదెవరు?" ఆయన సొంత బావమరిది నవల కూడా ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది (ఆ ఏడాది సంక్రాంతికి ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలీదు). ఎవరికీ తెలియని ఒక టీచరమ్మ లాంగ్ నోట్‌బుక్‌లో చేత్తో రాసి పంపిన వ్యవసాయం జ్ఞాపకాలు మాత్రం వేశారు.

ఆయన ప్రశ్నలో తప్పేం లేదు. 150 రూపాయల పుస్తకం తీసుకోండి. డిస్ట్రిబ్యూటర్‌కు 40 శాతం కమీషన్ ఇస్తే చేతికొచ్చేది 90. కాగితం, ప్రింటింగ్, బైండింగ్, రచయితకు ధరలో పది శాతం రాయల్టీ ఇస్తే ఆ 15 రూపాయలు, అన్నీ అందులోంచే. 500 కాపీలు వేస్తే, అమ్ముడుపోనివి గోడౌన్‌లో చెదలకి.

ఇక తిప్పి పంపారంటే రచన బాగాలేదని కాదు. మా దగ్గర ఎక్కువగా వేసేవి వంటలు, జ్యోతిషం, పిల్లల కథలు. అలాంటి చోటికి వచన కవిత్వం పంపేవాళ్ళు! కవితలు ఎంత బాగున్నా ఏం చేస్తాం? పంపేముందు ఏలూరు రోడ్డులో ఏ పుస్తకాల షాపుకైనా వెళ్ళి, మీలాంటి పుస్తకాల మీద ఏ ప్రచురణ సంస్థ పేరుందో చూసుకోండి. చాలామంది ఆ ఒక్క పని చేయరు.

నా కథల సంపుటి మూడు చోట్ల వద్దన్నారు. నాలుగో చోట "ఎంపికైంది" అన్నారు, ఇంట్లో స్వీట్లు కూడా పంచాం. వారం తర్వాత 45,000 కట్టమని కాగితం వచ్చింది. సొంత డబ్బుతో వేసుకోవడం తప్పేం కాదు, తెలుగులో మంచి కవిత్వం బోలెడు అలాగే వచ్చింది. కానీ దాన్ని ఎంపిక అనకూడదు. డబ్బు కట్టేటట్టయితే ఎన్ని కాపీలు, అవి ఎవరి దగ్గర ఉంటాయి, హక్కులెవరివి అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. నాకిచ్చిన లెక్కలో ఐఎస్‌బీఎన్‌కు (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) 3,000 అని ఒక పద్దు ఉంది. మన దేశంలో ఆ నంబరు ప్రభుత్వ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది.