సమాధానం: తోటికోడలితో మాటల్లేవు, ప్రభువు బల్ల ఎలా తీసుకోను?

వందనాలు సిస్టర్. పొగాకు బ్యారన్ (ఆకు ఆరబెట్టి కాల్చే కొట్టం) డబ్బుల దగ్గర మాటామాటా పెరిగి ఆరు నెలలుగా మీ తోటికోడలితో పలకరింపుల్లేవని, చర్చిలో ఆమె ముందు బెంచీలో కూర్చుంటే ప్రభువు బల్ల (యేసును తలచుకుని తీసుకునే రొట్టె, ద్రాక్షారసం) తీసుకోబుద్ధి కావట్లేదని రాశారు.

బల్ల మానేయకండి. మొదటి కొరింథీయులు 11:28 పరీక్షించుకుని తినమంది గానీ, పరీక్షించుకుని ఇంటికి పొమ్మనలేదు. మత్తయి 5:23, 24 ఇంకా సూటి: అర్పణ అక్కడే పెట్టి ముందెళ్లి సమాధానపడమంటుంది. అదీ, మనకు కోపముంటే అని కాదు, ఎదుటివాళ్లకు మనమీద ఏమన్నా ఉంటే అని! నాకు మింగుడుపడనిది అదే.

మా అన్నతో నాకూ రొయ్యల చెరువు డీజిల్ లెక్క దగ్గర చెడింది. వాట్సాప్‌లో నాలుగుసార్లు టైపు చేసి చెరిపేశా. చివరికి పొద్దున్నే వాళ్ల గుమ్మంలో నిలబడి, "ఆ రోజు నోరు జారాను అన్నా" అన్నా. ఆయన క్షమించానని అనలేదు. "కాఫీ తాగుతావా" అన్నాడు, అంతే.

డబ్బుల ఊసు మాత్రం ఆ రోజు ఎత్తకండి. మన ఒంగోలు క్లౌ దొర, అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ, 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పని ఇప్పిస్తూ బాప్తిస్మాలు ఆపేశారు, కూటికోసం చేరారన్న మాట రాకూడదని. మీరూ అంతే, డబ్బుల కోసమే వచ్చారన్న మాట రానివ్వకండి. క్షమాపణ ముందు, లెక్క తర్వాత, అదీ మీ మామగారి ఎదుట కాగితం మీద.

శనివారం సాయంత్రం ఒక్కరే వెళ్లండి. పాస్టరుగారిని వెంటబెట్టుకుంటే పంచాయితీ అయిపోతుంది.