యాయీరు ఎదురుచూసినంతసేపు

చెల్లీ,

నువ్వు పంపిన మార్కు సువార్త పాఠాలు అందాయి. ఐదో అధ్యాయం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నీ రాతలో ప్రార్థన ఉంది, అది తెలుస్తూనే ఉంది. కానీ యాయీరు కథను రెండు ముక్కలు చేశావు. చావుబతుకుల్లో ఉన్న చిన్న కూతురి కోసం సమాజమందిరపు అధికారి యాయీరు యేసును ఇంటికి తీసుకెళ్తుంటే, దారిలో రక్తస్రావం గల ఒక స్త్రీ రహస్యంగా ఆయన వస్త్రాన్ని ముట్టి బాగవుతుంది; ఆయన ఆమెతో మాట్లాడుతుండగానే బిడ్డ చనిపోయిందని కబురొస్తుంది, అయినా ఆయన వెళ్లి ఆ చిన్నదాన్ని లేపుతాడు. ఇదంతా ఒక్కటే కథ. నువ్వేమో ఆ స్త్రీకి ఒక వారం, చిన్నదానికి మరో వారం ఇచ్చావు. చదువుతుంటే మనసు చివుక్కుమంది.

మార్కు ఆ రెండు కథల్నీ కావాలనే ఒకదానిలో ఒకటి పొదిగాడు. వచనాల అంకెలు ఆయన వేసినవి కావు, 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు వేసినవి. పాఠం ఎక్కడ ఆపాలో ఆ అంకెల్ని కాదు, కథను అడుగు. మత్తయి తన సువార్తలో ఇదే సంగతిని 9 వచనాల్లో ముగించాడు. అక్కడ తండ్రి వచ్చేసరికే బిడ్డ చనిపోయింది, ఇక తొందరేముంది? మార్కు 23 వచనాలు తీసుకున్నాడు. ఇక్కడ బిడ్డకు ఇంకా ప్రాణం ఉంది. గ్రీకు మూలంలో ‘వెంటనే’ అనే మాట 40 సార్ల దాకా వచ్చే సువార్త ఇది. అంత పరుగులో ఉన్న సువార్తలో, పరుగెత్తాల్సిన చోటే యేసు ఆగి, నన్ను ముట్టిందెవరని అడుగుతున్నాడు. పక్కన యాయీరు నిలబడి ఉన్నాడు. ఆయన ఒక్క మాటా అన్నట్టు మార్కు రాయలేదు. కథను రెండుగా కోస్తే ఆ తండ్రి మౌనమే పోతుంది.

ఇక పాఠంలో నువ్వు రాసిన ప్రశ్నలు. "విశ్వాసం వలన మనకు కలుగు మేలేమి?" అని అడిగావు. బైబిల్ తెరవకుండానే సండే స్కూల్ పిల్లలు కూడా దీనికి జవాబు చెప్పేస్తారు. మళ్లీ వాక్యంలోకి వెళ్లి వెతుక్కోవాల్సిన ప్రశ్న రాయి. ఆ స్త్రీ జబ్బుకు, చిన్నదాని వయసుకు లెక్క ఒక్కటే, 12 ఏళ్లు. ఆ సంగతి నువ్వు చెప్పొద్దు, ప్రార్థన కూడికకు వచ్చేవాళ్లనే వెతకనీ. కూతురి కోసం కాళ్లమీద పడి బతిమాలడానికి యాయీరు ఉన్నాడు. మరి ఆ స్త్రీ తరఫున అడగడానికి ఎవరున్నారు? ఇంతవరకు అడిగి వదిలేయి. యేసు ఆమెను ‘కుమారీ’ అని పిలిచిన పిలుపు దగ్గరికి వాళ్లే వస్తారు.

మొదట్లో నేనూ ప్రతి ప్రశ్న కింద జవాబు రాసి పంచేదాన్ని. కూడికలో అందరూ నా జవాబులే చదివేవారు. ఒక సాయంత్రం కాగితాలు చాలలేదు. చేసేదిలేక వాక్యభాగాన్ని రెండుసార్లు గట్టిగా చదివి అడిగాను: "బాగైపోయింది కదా, వెళ్లిపోనివ్వకుండా అందరి ముందూ ఆమెను ఎందుకు నిలబెట్టాడు?" ఎవరూ పలకలేదు. ఆ నిశ్శబ్దం భరించలేక నేనే చెప్పేయబోయాను. అంతలో వెనక కూర్చున్న ఒక అవ్వ, చదువు రాని మనిషి, "దొంగతనంగా తెచ్చుకున్నానని బతికినన్నాళ్లూ భయపడుద్దని" అంది. నేను రాసుకున్న జవాబు దానిముందు ఎందుకూ పనికిరాలేదు. ప్రశ్న అడిగాక ఆగడం నాకు ఆ అవ్వ నేర్పింది. నీ పాఠంలో కూడా ప్రశ్న తర్వాత చోటు వదులు. కాగితం మీదే కాదు, కూడిక సమయంలోనూ.

మన బైబిల్ భాష దగ్గర మాత్రం చేయందించు. "సమాధానము గలదానవై పొమ్ము" అంటే ఈ కాలపు పిల్లలకు సమాధానమంటే జవాబే. అక్కడ అది శాంతి, నెమ్మది. ఇలాంటి మాటలకు పక్కన ఒక్క ముక్కలో అర్థం రాస్తే చాలు, ప్రసంగం వద్దు.

ఇంకొకటి. చిన్నది లేచి నడిచాక, ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు ప్రభువు. నీ పాఠంలో ఆ వచనమే లేదు. చుట్టూ అందరూ విస్మయంలో మునిగి ఉంటే, ఆ పిల్ల ఆకలి గుర్తున్నది ఆయనకే. నాకు ఈ అధ్యాయంలో అన్నిటికంటే ఇష్టమైన మాట అది. దానిమీద ఏం అడుగుతావో చూడాలని ఉంది. రెండు పాఠాలూ కలిపి తిరగరాసి, ముందు మీ ఇంట్లో అమ్మకు గట్టిగా చదివి వినిపించి, ఆ తర్వాత నాకు పంపు.

ప్రభువునందు,
మీ అక్క