ఇరవై నిమిషాల్లో మావాడి గురించి వాళ్లకేం తెలిసింది?

ప్రశ్న: మాది రాయగడ. నవంబరులో బాబుకి 12 ఏళ్లు నిండాయి. హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి భువనేశ్వర్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్ జూనియర్ ట్రయల్స్‌కి తీసుకెళ్లాను. 20 నిమిషాలు ఆడించి పంపేశారు. నేను బయట నుంచి షూట్ చెయ్యమని అరుస్తూనే ఉన్నాను, వాడు పాస్‌లే ఇచ్చాడు. పొట్టివాడనా, సిఫార్సు లేదనా? వయసు తగ్గించి సర్టిఫికెట్ ఇప్పిస్తానని ఒకాయన అంటున్నాడు. ఏడాదికి 3 లక్షలు కడితే ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ అకాడమీలో సీటు ఖాయమట. అప్పు చేసైనా చేర్చనా, ప్రభుత్వ స్పోర్ట్స్ హాస్టల్‌కి ప్రయత్నించనా?

జవాబు: బాబులో ఆట లేదని ఆ 20 నిమిషాల్లో తేలిపోయిందేమోనన్న భయం మీ ఉత్తరం నిండా కనిపిస్తోంది. ఏమీ తేలలేదండి. పన్నెండేళ్ల పిల్లాడి భవిష్యత్తును ఎంత పెద్ద కోచ్ అయినా ఒక్క పూటలో చెప్పలేడు.

ట్రయల్స్‌లో ఎక్కువగా చిన్న జట్లు కట్టి మ్యాచ్‌లు ఆడిస్తారు. అమ్మానాన్నలు గోల్స్ లెక్కపెడతారు. కోచ్ చూపు వేరేచోట ఉంటుంది. బంతి తగలగానే అదుపులోకి వచ్చిందా? రెండు కాళ్లూ వాడుతున్నాడా? బంతి రాకముందే తల తిప్పి ఎవరెక్కడున్నారో చూసుకున్నాడా? బంతి పోయాక నిలబడిపోయాడా, వెంటనే వెనక్కి పరుగెత్తాడా? నెదర్లాండ్స్ క్లబ్ అయాక్స్ పిల్లల్లో చూసేవిగా పేరుపడ్డవి నాలుగు: టెక్నిక్, ఆటను చదివే తెలివి, వ్యక్తిత్వం, వేగం. అందులో ఎత్తు లేదు. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రి పొడగరేం కాదు, అయినా భారత్ తరఫున అత్యధిక గోల్స్ ఆయనవే. మీవాడు పాస్‌లు ఇచ్చాడంటే తప్పు చేశాడని నేననుకోను.

అయితే కోచ్‌లు కూడా ఒడ్డూ పొడుగూ చూసి మోసపోతారు. వయసు గ్రూపుల లెక్క జనవరి 1 నుంచి మొదలవుతుంది. జనవరిలో పుట్టిన పిల్లాడు మీవాడికంటే పది నెలలు పెద్ద, ఇద్దరూ ఒకే గ్రూపు. ఈ వయసులో పది నెలలంటే చాలా తేడా. ఏడాది మొదట్లో పుట్టినవాళ్లే ఎక్కువగా ఎంపికవుతారని చాలా దేశాల్లో పరిశోధకులు గమనించారు. ఎదుగుదల వచ్చాక ఈ తేడా తగ్గిపోతుంది. మీవాడికి ఇంకా ఆ వయసే రాలేదు.

ఆ సర్టిఫికెట్ ఆయన్ని మాత్రం గడప తొక్కనివ్వకండి. జూనియర్ పోటీల్లో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు. దొరక్కపోయినా, నాన్న తనచేత అబద్ధం ఆడించాడని పిల్లాడికి తెలుస్తుంది కదా! కోపం తెచ్చుకోకండి, ఇంకోమాట కూడా అనాలి. రాత్రంతా నిద్రలేని పిల్లాణ్ణి పొద్దున్నే మైదానంలో దింపి, పైగా మీరు అరుస్తుంటే, వాడు కోచ్ మాట వినాలా, మీ మాట వినాలా?

ఇక అకాడమీ. డబ్బు కడితే సీటు ఖాయమంటే అక్కడ ఎంపికే లేదు. గోడమీద విదేశీ క్లబ్ పేరు, యూనిఫాం, విదేశీ టూర్ ఫొటోలు చూసి చాలామంది పడిపోతున్నారు. నాకు వాటిమీద గట్టి అనుమానాలే ఉన్నాయి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య గుర్తింపు ఉందా, కోచ్‌కి లైసెన్స్ ఉందా, ఒక్కో కోచ్ కింద ఎంతమంది, ఏడాదిలో పోటీ మ్యాచ్‌లు ఎన్ని, గత మూడేళ్లలో చేరిన పిల్లలు ఇప్పుడెక్కడున్నారు అని అడగండి. చివరి ప్రశ్నకి సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. పైస్థాయిలోనూ పరిస్థితి నిలకడగా లేదు. 2025లో దేశంలోని ప్రధాన ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ సీజనే సమయానికి మొదలుకాలేదు, పేరున్న ఆటగాళ్లే అయోమయంలో పడ్డారు. అలాంటి దారికి పన్నెండేళ్ల పిల్లాడి పేరున అప్పు చేయడం నాకు అస్సలు నచ్చడంలేదు. నెలనెలా ఆ వాయిదా బరువు వాడి భుజాలమీదే పడుతుంది.

స్పోర్ట్స్ హాస్టల్‌కి ప్రయత్నించండి. వసతి, భోజనం, చదువు, కోచింగ్ ప్రభుత్వమే చూసుకుంటుంది. రాకపోయినా కొంపేమీ మునగదు, ఇంటి దగ్గరే ఉంటూ బడి జట్టులో ఆడనివ్వండి. బడి జట్లు ఆడే సుబ్రతో కప్ లాంటి పోటీలకు దారి బడి నుంచే.

ఈ ఏడాది ఎడమకాలితో బంతి ఆపడం, పాస్ ఇవ్వడం రోజూ సాధన చేయించండి. ఈసారి ముందురోజే భువనేశ్వర్ చేరి వాణ్ణి పడుకోనివ్వండి. ఆట జరుగుతున్నంతసేపూ మీరు గేటు బయటే ఉండండి. అయిపోయాక ఏం సరిచేసుకోవాలో కోచ్‌ని వాడిచేతే అడిగించండి. రాయగడ పిల్లాడు, ఒడియాలో అడగడానికి ఇబ్బంది ఉండదు.